పేర్లకు ముసుగులు కుట్టే మా అన్నయ్య

మా అన్నయ్యకు కంపెనీల పేర్లంటే గిట్టదు. గిట్టదంటే మామూలుగా కాదు. కొన్న వస్తువు మీద పేరు కనబడిందా, దాని మీద గుడ్డముక్క వేసి కుట్టేదాకా ముద్ద దిగదు. వృత్తికి దర్జీ కాబట్టి గుడ్డముక్కలకు కరువు లేదు. వాళ్ళింట్లో ఫ్రిజ్జుకు నడుముపట్టీ ఉంటుంది. టీవీకి గడ్డం కింద రుమాలు ఉంటుంది. గోడ గడియారానికి ముక్కు మీద అతుకు ఉంటుంది. చివరికి టూత్‌పేస్టు గొట్టానికి కూడా చారల తొడుగే.

"డబ్బు నేనిచ్చి కొన్నాను. మళ్ళీ వాడి పేరు ఇంట్లో ఊరికే ఎందుకు మొయ్యాలి?" అంటాడు.

ఒకరోజు పొద్దున్నే వదిన మోకాళ్ళ నొప్పుల మందుతో పళ్ళు తోముకుంది. రెండు గొట్టాలకూ ఒకే తాను గుడ్డ మరి. నోరు మండిపోయి ఆవిడ పెరట్లో గంతులేస్తుంటే అన్నయ్య తాపీగా వచ్చి చూశాడు.

"చూశావా, పేరు లేకపోయినా మందు పని చేస్తోంది."

"మీ మొహం! నేనిక్కడ మంటెత్తి గంతులేస్తుంటే..."

"అదే నేనూ అంటున్నా. నెల రోజుల నుంచీ మోకాళ్ళు వంగటం లేదన్నావుగా!"

ఇలాంటి మనిషికి ఉన్న ఒకే ఒక్క పిచ్చి ఏమిటంటే, కారు పందేలు. ఆ కార్ల మీద పేరు లేని చోటు గోరంత కూడా ఉండదు. నీళ్ళంటే భయపడేవాడు పడవ నడిపినట్టు ఉండేది ఆయన వ్యవహారం. ఆదివారాలు టీవీలో పందెం వస్తే వాళ్ళ వీధిలోని టైర్ల షాపాయన కూడా వచ్చి కూర్చునేవాడు. అన్నయ్య చేతిలో ఒక కర్ర, కర్ర చివర తువ్వాలు. ప్రకటన రాగానే తువ్వాలు టీవీ మీద పడేది. ఒకసారి ప్రకటన ఎప్పుడో అయిపోయింది. ఈయన తువ్వాలు తియ్యలేదు. తీసేసరికి ముందున్న బండి చక్రం ఊడి గడ్డిలో పడి ఉంది.

"ఎలా ఊడింది? ఎప్పుడు ఊడింది?" అని టైర్లాయన నెత్తి కొట్టుకున్నాడు. "ముప్పై ఏళ్ళుగా టైర్లతో బతుకుతున్నవాణ్ణి, నాకు చూపించవా అది?"

"ప్రకటనలు లేకపోతే చూసేవాడివే. వాళ్ళనడుగు."

"కంపెనీలు డబ్బు పెట్టకపోతే అసలు బండి ఎక్కడిదయ్యా? ఒక్క పందేనికి ఎన్ని టైర్లు అరుగుతాయో తెలుసా నీకు?"

"టైర్లు కొనుక్కోనీ. వద్దన్నానా? కానీ గెలిచినవాడు చెమట తుడుచుకోకముందే టోపీ పెట్టారు, గడియారం తొడిగారు, చేతికి సీసా ఇచ్చారు. వాణ్ణి కన్నతల్లి వస్తే గుర్తుపట్టేదేనా?"

"మరి నీ షాపుకు బోర్డు ఎందుకుంది?"

"దాని మీద ఏమైనా రాసుందా?"

నిజమే, లేదు. తెల్లరంగు వేసి వదిలేశాడు. కానీ వీధిలో ఎవరు దారి అడిగినా 'ఖాళీ బోర్డు షాపు పక్కన' అనే చెబుతారు. "అంతకు మించిన ప్రకటన ఊళ్ళో లేదు" అని టైర్లాయన దెప్పేవాడు.

మా ఊరి చివర కూడా పందేల బాట ఒకటుంది. ఏడాదికొకసారి పెద్ద పందెం జరుగుతుంది, టీవీలో కూడా వస్తుంది. అన్నయ్య తువ్వాలు చాటున చక్రం ఊడింది ఈ పందెంలోనే. శుక్రవారం సాధన, శనివారం ఎవరు ముందు నిలబడాలో తేల్చే పరుగు, ఆదివారం అసలు పందెం. బస్సు డిపోలో మెకానిక్కుగా చేసిన మా ఆయన, ఆ మూడు రోజులూ సెలవు పెట్టి మూడో మలుపు దగ్గర జెండా పట్టుకుని నిలబడేవారు. ముందు ప్రమాదం ఉంటే పసుపు జెండా, వెనక వేగంగా వచ్చే బండికి దారి ఇమ్మనడానికి నీలం జెండా. జీతం లేదు. ఇరవై రెండేళ్ళు అలాగే నిలబడ్డారు. నేను మాత్రం ఒక్కసారీ వెళ్ళలేదు. జెండా మనుషులందరికీ క్యారేజీలు మా ఇంటి నుంచే వెళ్ళేవి. నేను పొయ్యి దగ్గర నుంచి లేచేసరికి పందెం అయిపోయేది.

"వచ్చే ఏడాది నిన్ను దిబ్బ ఎక్కిస్తా" అనేవారు ప్రతి ఏడాదీ. మూడో మలుపు పక్కన ఒక మట్టిదిబ్బ ఉండేది. దాని మీద నుంచి చూస్తే ఆయన కనబడతారట.

మా ఆయన పోయి ఎనిమిది నెలలైంది. పోయిన రెండు నెలలకు నేను జాకెట్టు కుట్టించుకోవడానికి వెళ్ళి, అన్నయ్యతో మాటవరసకు అన్నాను. "ఈసారి ఆ దిబ్బ ఎక్కి, ఆయన నిలబడిన చోటు ఒక్కసారి చూడాలనుంది."

అన్నయ్య మిషను మీద నుంచి తల ఎత్తలేదు. "ఊఁ" అన్నాడు.

ఇంకో నెల తిరక్కుండానే కబురొచ్చింది. ఆ దిబ్బను ఒక కూల్‌డ్రింకు కంపెనీ తీసేసుకుంది. దాని మీద అద్దాల గది కడుతున్నారు. ఇక అక్కడికి కంపెనీ పిలిచిన అతిథులే వెళ్ళాలి. మూడో మలుపుకు కూడా ఆ కూల్‌డ్రింకు పేరే పెట్టేశారు. నా కోరిక నాలోనే ఉండిపోయింది. అన్నయ్య వచ్చి ఏదైనా ఓదార్పు మాట అంటాడనుకున్నాను.

వచ్చాడు. "చూశావా చెల్లీ, రోడ్డు వంకరకు కూడా పేరు అమ్ముకున్నారు! రేపు ఆ మలుపు తిరిగిన ప్రతివాణ్ణీ ఒక సీసా కొనమంటారు!" అని గంటసేపు అరిచాడు. నా ఊసే లేదు. అప్పటి నుంచి ప్రతి సోమవారం షాపు మూసి పందేల ఆఫీసుకు అర్జీ పట్టుకెళ్ళడం మొదలుపెట్టాడు. టైర్లాయనకు ఒకటి చదివి వినిపించాడట. 'ఏడో నంబరు బండికి ముక్కు మీద బ్యాంకు, నడుము మీద సబ్బు, తోక మీద సిమెంటు ఉన్నాయి. ఇందులో బండి ఎక్కడుందో తెలియజేయగలరు' అని. వీధంతా నవ్వారు. నాకు నవ్వు రాలేదు. తోడబుట్టినవాడికి నాకంటే సిమెంటు ఎక్కువైందా అని మనసు కాస్త చివుక్కుమంది.

పందెం ముందు గురువారం ఆఫీసు నుంచి నాకు ఫోను వచ్చింది. "మీ అన్నయ్యగారి అర్జీల విషయం. మీరొకసారి రావాలమ్మా" అన్నారు. ఈయన ఎవరి గోడకో గుడ్డ కుట్టేసి ఉంటాడని, చేతిలో పని వదిలేసి వెళ్ళాను.

బల్ల వెనక కళ్ళజోడు పెట్టుకున్న గుమస్తా ఆవిడ కూర్చుని ఉంది. లావుపాటి ఫైలు తీసి నా ముందు పెట్టింది.

"పదకొండు అర్జీలమ్మా. ఒక్కోటి రెండు పేజీలు. నిజం చెప్పాలంటే, నాలుగోదాని నుంచీ పైదంతా చదవటం మానేశాం. కింది మూడు ముక్కలు మాత్రం ఆఫీసులో అందరికీ నోటికొచ్చేశాయి. ఏ అర్జీ అయినా అక్కడే ముగుస్తుంది. చూడండి."

కూడబలుక్కుని చదివాను. అన్నయ్య రాత కూడా ఆయన కుట్టులాగే వంకర లేకుండా ఉంటుంది. 'పై విషయాలు తమకు వీలున్నప్పుడు చూడండి, తొందర లేదు. మూడో మలుపు దగ్గర ఇరవై రెండేళ్ళు జెండా పట్టినాయన భార్య అక్కడి పందెం ఒక్కసారీ చూడలేదు. ఆమెకు దిబ్బ మీద ఒక చోటు ఇప్పించండి, ఇది మాత్రం తొందర.'

పదకొండూ తిరగేశాను. పదకొండింటిలోనూ అదే. నేను కొంగుతో ముక్కు తుడుచుకుంటుంటే ఆవిడ కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది, పాపం.

"కంపెనీవాళ్ళు రెండు చోట్లు ఇస్తామన్నారు. ఒక్కటే షరతు. అతిథులు వాళ్ళ పేరున్న చొక్కా, టోపీ వేసుకోవాలి. ఆడవాళ్ళకు టోపీ చాలు" అంది కాసేపటికి.

"అయితే మా అన్నయ్య రాడండీ. ప్రాణం పోయినా రాడు."

"నిన్ననే వచ్చి కొలతలిచ్చి వెళ్ళారే! చొక్కా చంకల్లో కుట్టు బాగాలేదట, తనే విప్పి కుట్టుకుంటానన్నారు."

ఆదివారం పొద్దున అన్నయ్య మా గుమ్మంలోకి వచ్చాడు. వీపు మీద జానెడేసి అక్షరాలు. గుండె మీద సీసా బొమ్మ. టోపీ మీద నురగ. వెనకాలే వదిన చీర చెంగు నోట్లో కుక్కుకుని నవ్వుతోంది. వీధిలో టైర్లాయన ఎదురొచ్చి ఆగిపోయాడు.

"జాగ్రత్తమ్మా, ఎవరైనా సీసా అనుకుని మీ అన్నయ్య మూత తీసేస్తారు!"

"పోవయ్యా! టైరు లాంటి మొహమూ నువ్వూనూ!" అన్నాడు అన్నయ్య, తల మాత్రం ఎత్తకుండానే.

అద్దాల గదిలో మాతో కలిపి నలభై మంది అతిథులుంటే ముప్పై ఎనిమిది మంది వీపులు పందెం వైపు ఉన్నాయి. అందరి చూపూ పలహారాల బల్ల మీదే. మేమిద్దరం బయట కమ్మీ దగ్గరకు వెళ్ళి నిలబడ్డాం. కింద, మా ఆయన నిలబడే చోట ఇప్పుడొక అమ్మాయి జెండా పట్టుకుని నిలబడింది. మోచెయ్యి ఎత్తి, ఎటూ కదలకుండా, కళ్ళు రోడ్డు మీదే పెట్టి. ఓహో, ఇలా నిలబడేవారన్నమాట అనుకున్నాను.

ఒక్కసారిగా ఉరుము ఉరిమినట్టు బండ్లు వచ్చాయి. పక్కటెముకలు అదిరాయి. రెండు సార్లు రెప్ప వేసేలోగా అన్నీ చెట్ల వెనక్కి పోయాయి. తర్వాత నిశ్శబ్దం. నేను ఎదురుచూశాను. ఏమీ లేదు.

"అన్నయ్యా, ఇంతేనా?"

"ఇంతే. మళ్ళీ ఒకటిన్నర నిమిషానికి వస్తాయి."

"జెండా దగ్గర నుంచి ఇంకా ఎక్కువ కనబడుతుందా?"

"ఇంకా తక్కువ."

"మరి ఆయన ఇంటికొచ్చి నాకు రెండు గంటలసేపు పందెం మొత్తం చెప్పేవారే! ఎవరు ఎక్కడ ఎవర్ని దాటాడో, ఎవరి చక్రం ఎలా ఊడిందో..."

అన్నయ్య టోపీ సర్దుకున్నాడు. "ఇంటికి వెళ్ళేముందు బావ మా షాపు దగ్గర ఆగేవాడు. టీవీలో చూసినదంతా నేను చెప్పేవాణ్ణి. 'అది పొయ్యి దగ్గరే కూర్చుండిపోయింది బావా, దానికి మొత్తం పందెం చెప్పాలి' అని, అడిగిందే అడిగి వినేవాడు."

"నువ్వు తువ్వాలు కప్పినప్పుడు పోయిన భాగమో?"

"అది నాకు తెలీదు. అది బావ సొంతం."

ఎంత ఆపుకున్నా నాకు నవ్వు ఆగలేదు. ఆ ఊడిన చక్రం గాల్లో మూడు పల్టీలు కొట్టి ఒక అంబులెన్సు పక్కన బుద్ధిగా నిలబడిందని చెప్పారాయన. నేను అన్నం కలుపుతూ నోరు తెరుచుకుని విన్నాను! నేను నవ్వుతుంటే అన్నయ్య కూడా నవ్వాడు. ఎవరో కెమెరా పట్టుకున్న కుర్రవాడు 'క్లిక్' మనిపించి వెళ్ళిపోయాడు.

నెల తర్వాత అన్నయ్య షాపు ఎదురుగా కంపెనీవాళ్ళు పెద్ద బోర్డు నిలబెట్టారు. ఇంటి ఎత్తున అక్షరాలు, వాటి పక్కన టోపీలు పెట్టుకుని నవ్వుతున్న ఇద్దరు. అన్నయ్యా, నేనూ. నాకు సిగ్గేసి వారం రోజులు ఆ వీధి మొహం చూడలేదు. టైర్లాయనకు మాత్రం పండగే.

"ఏమయ్యా దర్జీ, దీనికి గుడ్డ కుట్టవా?"

"కొలత తీశాను. అక్షరాలు కప్పితే అంచు మా చెల్లెలి మొహం మీద పడుతోంది."

"అయితే వదిలేస్తావా?"

"ఎందుకు వదిలేస్తాను? ఆఫీసులో అర్జీ పెట్టి వచ్చాను."

"తీసెయ్యమనా?"

"కాదు. మా చెల్లి బొమ్మ చిన్నదిగా వేశారు, ఇంకాస్త పెద్దది చెయ్యమని."