పోశాలు బావకు నచ్చని బడులు

మా పోశాలు బావకు ఒకటే పిచ్చి. నలభై దాటిన వయసులో విమానం నడపడం నేర్చుకొని, జనాన్ని ఎక్కించుకొని హైదరాబాదు నుంచి బొంబాయికి తీసుకుపోవాలి. దానికి మంచి బడి కావాలి. ఆ బడి సస్తాగా, అంటే చవగ్గా ఉండాలి. ఈ రెండూ ఒక్కచోట దొరకక ఆయన తిరుగుతూనే ఉండేవాడు. ఆ గోల వినలేక డోర్నకల్ జంక్షన్ అంతా చెవులు మూసుకునేది.

ఆయన గూడ్సు బండి గార్డు, మా అక్క ఎల్లక్క మొగుడు. నేను ఆడపిల్లల బడిలో చదువు చెబుతూ వాళ్ల రైల్వే క్వార్టర్లోనే ఉండేదాన్ని. అందుకని ఆ పిచ్చిలో సగం వాటా నా నెత్తినే పడింది.

టికెట్ కలెక్టరు కనబడితే, "సారూ, మీ ఎరికల జర సస్తగ విమానం నేర్పే బడి ఏదన్న ఉన్నదా?" అనేవాడు. పాస్టరు గారు కనబడితే అదే మాట. కల్లు గీసే ఆయన చెట్టు దిగుతుంటే కింద నిలబడి మరీ అడిగాడు. "ఉంటే నేను ఈ చెట్లెందుకు ఎక్కుత?" అన్నాడాయన.

సాయంత్రాలు వాకిట్లో గడంచె మంచం మీద కూర్చొని, రెండు మోకాళ్ల మధ్య రోకలి నిలబెట్టి అటూ ఇటూ వంచుతూ నోటితో విమానం మోత పెట్టేవాడు. ఒకరోజు గాలివాన వచ్చిందనుకొని రోకలి బలంగా వంచాడు. గడంచె ఒరిగింది. మా అక్క ఎండబోసిన మిరపకాయల మీద దిగాడు.

"రైలుకే నువ్వు ఎనక డబ్బల కూసుంటవ్," అంది అక్క, కళ్లు కడుక్కోవడానికి నీళ్లు పోస్తూ. "విమానానికి ఎనక డబ్బ ఉండదట. ఏడ కూసుంటవ్?"

"గందుకే గద నేర్సుకునేది! ఇగ ముందట కూసుంట!"

ఇక్కడిదాకా నవ్వులాటే. తర్వాతే మా అందరికీ భయం పట్టుకుంది.

అది నలభై ఎనిమిదో సంవత్సరం. ఊళ్లలో ఒక దిక్కు దొరల మీద తిరగబడ్డ సంఘం వాళ్లు, ఒక దిక్కు రజాకార్లు, దొరల మనుషులు. రైలు కిటికీలోంచి చూస్తే పొయ్యి పొగ లేవని పల్లెలు వరసగా వచ్చేవి. తలుపులు తెరిచే ఉండేవి, మనిషి ఉండేవాడు కాదు. ఆ రోజుల్లోనే బావ బడులు చూసి రావడానికి రాజ్యం దాటి బెజవాడకు, మద్రాసుకు పోవడం మొదలుపెట్టాడు. రైల్వే పాసు ఉంది కాబట్టి టికెట్ బాధ లేదు. అయితే ఎప్పుడూ ఒంటరిగా పోయేవాడు కాదు.

మొదట లచ్చయ్య అనే ముసలాయన వచ్చాడు. దూరపు మేనమామ అన్నాడు బావ. గొంగడి కప్పుకొని ముందరింట్లో మూలకు కూర్చున్నాడు. మంచినీళ్లిస్తే పుచ్చుకున్నాడు. పలకరిస్తే రెప్ప వాల్చకుండా చూశాడు, మాట్లాడలేదు. పొద్దున బావ వెంట రైలెక్కాడు. తర్వాత బావ ఒక్కడే తిరిగొచ్చాడు.

"బడి ఎట్లుంది బావా?"

"ఏం బడి! పక్కనే సముద్రం. దిగుడు జర అటిటు అయితే ఈత గూడ నేర్సుకోవాలె. దానికి ఫీజు వేరే."

"మీ మేనమామ ఏడి?"

"ఆయనకు ఆడి గాలి మంచిగ పడ్డది. ఆడనే ఉన్నడు."

తర్వాత ఇద్దరు ఆడవాళ్లు వచ్చారు. వాళ్ల ఒళ్లో చంటిపిల్ల ఒక్కసారి కూడా ఏడవలేదు. పిల్ల అన్నాక ఏడుస్తుంది కదా! వాళ్లూ పోయారు, తిరిగి రాలేదు. బావ మాత్రం, "ఈ బడి పంతులు నా చెప్పులకంటె చిన్నోడు. వాని చేతిల పానం ఎట్ల పెడత?" అంటూ వచ్చాడు. ఆ తర్వాత ఇంకెవరో, ఇంకెవరో. అందరికీ అక్కడి గాలే పడింది.

బజార్లో గుసగుసలు పుట్టాయి. అంత ఇనుము ఉత్తగా గాలిలోకి లేవదట. లేచే ముందు ఒక నరుడి పానం అడుగుతుందట. పోశాలు దగ్గర ఫీజుకు పైసల్లేవు కాబట్టి మనుషులను ఇచ్చుకుంటున్నాడట. బావ ఎదురొస్తే తల్లులు పిల్లలను కొంగులో దాచేవాళ్లు. పైన ఎప్పుడన్నా విమానం మోత వినబడితే బజారంతా ఒక్క క్షణం ఊపిరి బిగబట్టేది. నేను నవ్వేదాన్ని. కానీ ఆయన వచ్చినప్పుడల్లా తెచ్చిచ్చే పల్లీలు మాత్రం తినడం మానేశాను.

ఇంతలో దంతాలపల్లి దగ్గరి పల్లెలో ఉన్న మా కన్నతల్లి, మా అవ్వ సంగతి తెలియకుండా పోయింది. మా తమ్ముడు సంఘంలో చేరాడని ఊరందరికీ తెలుసు. భయమేసి నేనే బయలుదేరాను. మానుకోట దాకా రైలు, అక్కడి నుంచి బండి, ఆపైన నడక.

మిట్టమధ్యాహ్నం ఊళ్లో అడుగుపెట్టాను. కుక్క కూడా మొరగలేదు. ఒక ఇంట్లో ఇసుర్రాయి చుట్టూ సగం విసిరిన జొన్నపిండి. ఇంకో ఇంట్లో ఊయల ఇంకా మెల్లగా ఊగుతోంది, లోపల పిల్ల లేదు. దండెం మీది తడిచీర నుంచి నీళ్లు బొట్టుబొట్టుగా కారుతున్నాయి. మా అవ్వ ఇంటికి మాత్రం తాళం. "అవ్వా!" అని పిలిస్తే నా గొంతు నాకే తిరిగొచ్చింది.

"ఎవరు కావాలె?" అని వెనక నుంచి మాట వినబడింది. కెవ్వుమన్నాను.

తండా నుంచి గొర్లు తోలుకొచ్చిన రాంజీ. మా అవ్వకు తెలిసిన మనిషే.

"ఊరోళ్లంత ఏమైండ్రు రాంజీ?"

"నిన్ను సూసే తుమ్మలల్లకు ఉరికిండ్రు. సంకల ఆ నల్లది బందూకు అనుకున్నరు."

చూసుకుంటే నా గొడుగు. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. "మరి మా అవ్వ?"

రాంజీ గొంతు తగ్గించాడు. "మొన్న విమానాల పిచ్చాయన వచ్చిండు. ఆయన ఎనకనే నడుసుకుంట పోయింది. పిలిస్తె ఎనకకు తిరిగి గూడ సూడలే."

సరిగ్గా అప్పుడే ఎక్కడో మబ్బుల మీద సన్నగా మోత వినబడింది. గొర్లన్నీ ఒక్కసారి తలలెత్తాయి. నేను తిరుగుదారి ఎట్లా నడిచానో నాకే తెలియదు.

ఇంటికొచ్చి ఏడుస్తూ చెబితే అక్క రొట్టె తిప్పుతూనే ఉంది. "ఆయన వస్తే అడుగు," అంది. కన్నతల్లి కనబడకపోతే ఆ మాటేనా? నాకు అక్కను చూసినా భయమేసింది.

బావ వచ్చాడు. గుమ్మంలోనే అంగీ పట్టుకున్నాను.

"మా అవ్వ ఏది?"

"మంచిగుంది పిల్లా."

"ఏడ?"

"గాలి మంచిగున్న కాడ."

"అయితే నన్ను గూడ ఆ గాలికే తీస్కపో!"

బావ అక్క వైపు చూశాడు. అక్క తలూపింది. ఆ తలూపుడు చూసి నా పని అయిపోయిందనుకున్నాను.

తర్వాతి ప్రయాణంలో మాతో ముసుగేసుకున్న ఇద్దరు ఆడవాళ్లు. ఒకామె మేనత్తట, ఇంకొకామె ఆమె కోడలట. సరిహద్దుకు ముందటి స్టేషన్లో బండి ఆగింది. తుపాకులు పట్టుకొని నలుగురు రజాకార్లు ఎక్కారు. మేనత్త చెయ్యి నా చేతిని పట్టుకుంది.

"ఏడికి?" అన్నాడు వాళ్లలో పెద్దవాడు.

"మద్రాసుకు సాబ్. విమానం నేర్సుకునే బడి సూడటానికి," అన్నాడు బావ హుషారుగా.

"ఎవరు నేర్సుకునేది?"

"నేనే సాబ్! మీ ఎరికల జర సస్తది ఏదన్న ఉన్నదా? వీళ్లు ఎక్కుడు నేర్పుటానికి ఒక ఫీజు, దిగుడు నేర్పుటానికి ఒక ఫీజు అంటున్నరు. ఎక్కుడు ఒక్కటి నేర్పుండ్రి, దిగుడు ఎట్లయిన అయితది గద అంటె ఒప్పుకుంటలేరు. మీరు సెప్పుండ్రి సాబ్, పైకి పోయినోడు కిందికి రాకుంట ఉంటడా?"

తుపాకీ భుజం మీంచి జారింది. ఆ మనిషి నవ్వాడు. ఆ నవ్వు ఆగి, చూపు ముసుగుల మీద పడింది.

"వీళ్లెవరు?"

"మా మేనత్త, కోడలు సాబ్. నేను పైకి పోతాంటె కిందికెల్లి సూసి మురిసేటోళ్లు ఉండాలె గద. గాలి రూపాయికి ఎంత పడతదో గూడ లెక్క సెప్త, కూసుండ్రి..." అని బావ జరిగి చోటిచ్చాడు.

"పాగల్!" అంటూ నలుగురూ దిగిపోయారు. బావ కిటికీలోంచి సగం బయటికి వంగి, "బొంబాయి బడి సంగతి సెప్పకనే పోతున్నరు సాబ్!" అని కేకేశాడు.

బండి సరిహద్దు దాటింది. అప్పుడు కోడలు ముసుగు తీసి పొడుగ్గా ఊపిరి వదిలింది. కోడలికి ఇంత మీసముంది. నేను రెండోసారి కెవ్వుమన్నాను.

బెజవాడ అవతల తాటాకు పాకల్లో, ఊళ్లు విడిచి వచ్చినవాళ్ల శిబిరం. పొయ్యిలన్నీ పొగలు కక్కుతున్నాయి. బావ పొట్టనబెట్టుకున్నాడని మేం అనుకున్న వాళ్లంతా అక్కడ నిక్షేపంగా ఉన్నారు. మా అవ్వ ఎవరినో పప్పులో ఉప్పెక్కువైందని తిడుతోంది. నన్ను చూసి, "గింత బక్కగైనవేందే? మీ అక్క తిండి పెడ్తలేదా?" అంది. కాళ్ల మీద పడి ఏడ్చాను.

ఒక్క మాట మాట్లాడని లచ్చయ్య ఇప్పుడు ఆపితే ఆగడం లేదు. ఆయన బావ వెంట మద్రాసు దాకా పోయాడట.

"నిజంగనే బడి ఉన్నది బిడ్డా. ఆ బడి దొర మీ బావ చెయ్యి పట్టుకొని, వయసుతోని పని లేదు, రైలోళ్లకు ఫీజు సగమే, రేపే రమ్మన్నడు. మీ బావ ఆ విమానం రెక్కను నిమిరి నిమిరి, నాకు నచ్చలేదు సారూ అని వచ్చేసిండు. రైలెక్కినంక కండ్లల్ల నీళ్లు!"

బావ పాక వెనక నీళ్లు మోస్తున్నాడు. పోయి ఎదురుగా నిలబడ్డాను.

"బావా, సస్త బడి దొరికిందట గద?"

దొంగతనం బయటపడ్డట్టు ముఖం పెట్టాడు. "దొరికింది."

"మరి చేరలేదేంది?"

"చేరితె చూసుడు అయిపోతది గద పిల్లా. చూసుడు అయిపోయినంక రైలెక్కెటందుకు ఏమని సెప్పాలె? ఇంక మస్తుమంది ఉన్నరాయె." కావడి భుజం మార్చుకున్నాడు. "నీకు చెప్తనంటె మీ అక్కనే వద్దన్నది. బడిల పిల్లలందరికి సెప్తవట."

ఆ మాట నిజమే కాబట్టి నేనూ ఒక బిందె ఎత్తుకొని ఆయన వెనక నడిచాను.

రజాకార్లు పోయి రోజులు మారాక ఆయన మద్రాసు పోయి మళ్లీ అడిగాడు. ఇప్పుడు వయసు మించిందన్నారు. ఇంటికొచ్చి అన్నం తిని, గూడ్సు బండి డ్యూటీకి పోయాడు.

ఆ శిబిరంలోనే కొమురవ్వ అనే ఆమెకు ఆడపిల్ల పుట్టింది. బావ వద్దన్నా వినకుండా విమానమ్మ అని పేరు పెట్టారు. ఇప్పుడు నా దగ్గర ఒకటో తరగతి. హాజరు పిలిచేటప్పుడు ఆ పేరు దగ్గర రోజూ ఆగాల్సిందే, ఎందుకంటే బడి మొత్తంలో అందరికంటే ఆలస్యంగా వచ్చేది విమానమ్మే.