ఖాళీ డ్రైవర్ సీటు ముందు బ్రేకు

బాబాయి పాత మినీబస్సును లోపలే వండుకుని పడుకునే మోటర్‌హోమ్‌గా మార్పించాడు. నిరుడు చనిపోయిన పెదనాన్న కారును దాని వెనక తగిలించి తీసుకెళ్లాలని పెద్దమ్మ పట్టు. బ్రేకులు సరిగ్గా పడితేనే, లేదంటే కారు అమ్మేయాలని బాబాయి షరతు.

ఈ సాయంత్రం బొల్లారంలో మెకానిక్ గౌస్ భాయ్ షెడ్డులో ఆ పరీక్ష జరిగింది. కారులో ఖాళీ డ్రైవర్ సీటు ముందు ఆయన గాలితో పనిచేసే ఒక పెట్టె బిగించాడు. బస్సులో బాబాయి బ్రేకు తొక్కితే ఇక్కడ ఆ పెట్టె పెడల్‌ను నొక్కుతుంది, వెనక లైట్లు వెలుగుతాయి. పక్క సీట్లో కూర్చుని చూసి చెప్పడం నా పని. వెనక సీట్లో పెద్దమ్మ.

పెడల్ దిగింది, లేచింది. మళ్లీ దిగింది, లేచింది. కాసేపటికి మూడోసారి, ఎవరో నెమ్మదిగా కాలు ఆనించినట్టు దిగి, అలాగే ఉండిపోయింది.

"మూడుసార్లూ మంచిగ పడింది బాబాయ్" అని అరిచాను.

"మూడెక్కడివే? నేను రెండే తొక్కిన" అన్నాడు బాబాయి. చాయ్ గ్లాసుతో నా కిటికీ పక్కనే నిలబడి ఉన్నాడు.

గౌస్ భాయ్ వంగి చూశాడు. "పైపుల గాలి మిగిలుంటది బేటా. రోడ్డు మీద గిట్ల పట్టుకుంటే చక్రాలు కాలిపోతయి. విప్పి మళ్ల చేస్త."

"జెర ఆగు భాయ్" అంది పెద్దమ్మ. "బండి ఆపినంక సుత ఆయన కాలు తీయకపోతుండె. నేను దిగేదాంక."

తలుపు తీసుకుని దిగింది. పెడల్ పైకి లేచింది.

బాబాయి మళ్లీ అమ్మే మాట ఎత్తలేదు. గాలే అయ్యుంటుందని నేనూ అనుకుంటున్నాను. మీలో మెకానిక్‌లు ఎవరైనా ఉంటే, మనిషి దిగిన సంగతి గాలికి ఎలా తెలుస్తుందో కాస్త చెప్పండి.