బండెక్కిన పందెపు ఎద్దులు

మా తాత బొజ్జన్నకు ఒకటే జబ్బు. ఎద్దు నడిస్తే ఆయనకు కాళ్లు నొప్పి పుట్టేవి. ఎద్దుకు కాదు, ఆయనకే. తాను మాత్రం చెప్పులు లేకుండా పన్నెండు మైళ్లు నడిచి డోన్ పోయి, మాపటికి తిరిగొచ్చి, ఇంకేమన్నా పనుందా అని అడిగే మనిషి.

ఆయనకు సిపాయి, దివాను అని రెండు పందెపు ఎద్దులుండేవి. బండలాగుడు పోటీల కోసం పెంచినవి. వాటికి ఉలవలు, పత్తిగింజలు, బెల్లం. ఇంట్లో మనుషులకు జొన్న సంగటి, ఊరిబిండి. చేను దున్నాలంటే మా అవ్వ జీవమ్మ ఊరంతా తిరిగి ఎవరి ఎద్దులనో బతిమాలి తెచ్చుకునేది. ఇంత మేపినా డోన్ ఉగాది పందెంలో అవి మూడేండ్లుగా ఓడిపోతూనే ఉన్నాయి. నాలుగో ఏడు, అంటే పంతొమ్మిది వందల యాభై నాలుగులో, అవ్వ తెగేసి చెప్పింది. ఈసారి గెలవకుంటే మరునాడే వాటి మెడ మీద మడక కాడి పెట్టి చేను దున్నిస్తానని.

తాత మూడు రోజులు అరుగు మీద కూర్చుని ఆలోచించి, ఓటమికి కారణం కనిపెట్టాడు. నడక. పన్నెండు మైళ్లు నడిచిపోయిన ఎద్దు ఇంకేం బండ లాగుతుంది?

"అందుకే ఈ తూరి వాటిని బండిలో ఎక్కించుకోని పోతాండా" అన్నాడు.

అవ్వ సంగటి కెలికే కట్టె గాల్లోనే ఆగిపోయింది. సంగటి అడుగంటింది.

"ఎద్దులు బండెక్కితే బండిని ఏది లాగుతాదయ్యా?"

"అదే చూడల్ల."

వడ్రంగి చేత పెండ్లివారంతా పట్టేంత బండి చేయించాడు. చుట్టూ కటకటాలు, ఎక్కడానికి పలకలు. ఇక లాగేదాని వేట మొదలైంది. డోన్‌లో కట్టెల డిపో దస్తగిరి సాయిబు దగ్గర యుద్ధంలో మిగిలిన జీపొకటి ఉండేది. అది ఫిరంగులనే లాగిందని సాయిబు గొప్పగా చెప్పుకున్నాడు.

"ఫిరంగి కదలదు కదప్పా, దివాను కదులుతాది" అన్నాడు తాత. అయినా ఒకసారి కట్టి చూద్దామన్నాడు.

ఎక్కుడులో జీపు బండిని లాగింది. వంక దిగుడులో బండే జీపును తోసింది. జీపు నేరుగా పోయి ఎవరిదో గడ్డివాములో దూరింది. బండి మీద ఎద్దులు మాత్రం చెక్కుచెదరలేదు, అందిన గడ్డి అందినట్టు మేశాయి. గడ్డం నిండా గడ్డితో బయటికొచ్చిన సాయిబు, "బొజ్జన్నా, మీ ఎద్దులకు జీపు పనికిరాదు. నా జీపుకే మీ ఎద్దులు కావాల" అన్నాడు. ఎద్దులను దింపి జీపును బయటికి లాగిద్దామంటే తాత ససేమిరా అన్నాడు. పందెం ముందు అలసిపోతాయట. పద్నాలుగు మంది మగవాళ్లు పనులు మానుకుని లాగారు.

లాగేది బరువైనదై ఉండాలని తాత తెలుసుకున్నాడు. రెండు దున్నపోతులను తెచ్చి కట్టాడు. అవి ఊరు దాటేదాకా బుద్ధిగా నడిచాయి. వంకలో నీళ్లు కనబడగానే బండితో సహా దిగి, మెడల దాకా మునిగి, కండ్లు మూసుకున్నాయి. అక్కడ గుడ్డలుతుకుతున్న అవ్వ తలెత్తి చూస్తే, నీళ్ల నడుమ సిపాయి, దివాను పడవ ప్రయాణం చేస్తున్నట్టు నిలబడి ఉన్నాయి. చేతిలో రవిక నీళ్లలో కొట్టుకుపోయింది. అవ్వకు తెలియనే లేదు.

చివరికి పక్కింటి ఉరుకుందు తన ముసలి ఎద్దుల జతను ఇచ్చాడు. మెల్లగా పోతాయి గానీ మాట వింటాయని చెప్పాడు. తీరా ఎక్కించాక సిపాయి వెనక్కి జరిగింది. వెనక బరువెక్కువై నొగ పైకి లేచి, ముసలి ఎద్దుల ముంగాళ్లు గాల్లో ఆడాయి. తాత చుట్టూ చూసి అవ్వను పిలిచాడు.

"మ్మే, నువ్వు ముందర కూచో. సరిపోతాది."

పెండ్లయిన ఇన్నేండ్లకు మొగుడు తనను బండెక్కించింది ఎద్దులకు సరితూకంగానని అవ్వకు అర్థమైంది. అయినా కూర్చుంది. ఎండ తగలకుండా సిపాయికి గొడుగు పట్టుకుని తాత పక్కన నడిచాడు. దారిలో ప్రతి పల్లెలోనూ జనం పనులొదిలేసి, పాపం ఏం రోగమని ఎద్దులను పరామర్శించారు.

సగం దారిలో ఎర్రగుట్ట ఎక్కుడు. ముసలి ఎద్దుల్లో ఒకటి మోకాళ్ల మీద కూలబడింది. నోట నురగ. తాత ముల్లుకర్ర తీస్తాడేమోనని అవ్వ చూసింది. ఆయన బండి వెనక్కి పోయి పలకలు దించాడు. సిపాయిని, దివానును కిందికి తోలుకొచ్చి కాడికి కట్టాడు. ముసలి జతను బండెక్కించాడు.

"పందెం పోతాదయ్యా" అంది అవ్వ. మడక మాట ఎత్తలేదు. ఎత్తకున్నా ఆయనకు తెలుసు.

తాత తలగుడ్డ విప్పి ముసలిదాని మెడ తుడిచాడు.

"ముసలోళ్లు గుంజుతాంటే వయసోళ్లు నిలబడుకోని పోతాండారు. ఇంతసేపూ నా కండ్లు యాడబోయినాయో సూడు."

డోన్ పందెపు బయలులో జనం నోళ్లు తెరిచారు. చెమటతో తడిసిన పందెపు ఎద్దులు బండి లాగుతున్నాయి. బండి మీద గొడుగు నీడలో రెండు ముసలి ఎద్దులు నెమరేస్తున్నాయి. ఏ జతను పోటీకి రాసుకోవాలో పెద్దమనుషులకు అర్థం కాలేదు. అడిగితే తాత లాగేవాటిని చూపించాడు. బండ పది బారలు కదిలింది. ఆ తర్వాత దివాను దాని పక్కనే పడుకుంది. తిరుగు ప్రయాణంలోనూ ముసలివి బండి మీదే వచ్చాయి.

మరునాడు పొద్దున్నే అవ్వ మడక తీసి బండిలో వేసింది. ఉలవలు మాత్రం నాలుగు ఎద్దులకు సరిపడా ఉడికించింది. తాత సిపాయిని, దివానును తెచ్చి కాడికి కట్టి, వాటి వీపులు నిమిరాడు.

"చేను మైలు దూరముండాది కదమ్మే. నడిపించల్నా?"

అవ్వ పగుళ్లు బారిన ఆయన పాదాల వంక చూసింది.

"అవి నడుస్తాయిలే. నువ్వు బండెక్కు."

ఊరందరినీ అదరగొట్టిన మా తాత అదిరిపోవడం అదే మొదటిసారట. ఎక్కడమైతే ఎక్కాడు గానీ, ఎద్దులకు బరువవుతుందని చేను దాకా ఊపిరి బిగబట్టే కూర్చున్నాడట.