తెర పక్కన యాకయ్య

మా బడి యాకయ్యను ఎవరైనా ఉత్త అటెండరు అంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. అటెండరే, కాదనను. గంట కొట్టేవాడు, గేటు తీసేవాడు, మెమో పుస్తకం పట్టుకొని క్లాసు క్లాసు తిరిగేవాడు. కానీ వరంగల్ మట్టెవాడలో మా ఆడపిల్లల హైస్కూల్లో ఆ రోజుల్లో చదివిన ఎవరినైనా అడగండి, యాకయ్య అనగానే వాళ్లకు గంట గుర్తుకు రాదు. వార్షికోత్సవం నాటకం గుర్తుకొస్తుంది. స్టేజీకి కుడి పక్క, తెర మడతల వెనక స్టూలేసుకొని, నాటకం రాసిన నోటుబుక్కు చేత పట్టుకొని మాకు మాటలు అందించింది ఆయనే.

అందించడమంటే మామూలుగా కాదు. ఆ గొంతు ఎవరికి కావాలో వాళ్లకే వినపడేది. మా నాన్నకు ఇత్తడి సామాన్ల దుకాణం. గిన్నె కిందపడితే చూడకుండానే ఏ సైజుదో చెప్పగల చెవులు ఆయనవి. మొదటి వరుసలో కూర్చున్నా ఆయనకు యాకయ్య మాట ఒక్కటీ వినపడలేదట. పైగా, మాట మరచిపోయామని మాకు తెలియకముందే యాకయ్యకు తెలిసేది. ఎట్లా అని అడిగితే, "కండ్లు ఎటో పోతయి బిడ్డా. గప్పుడే అందియ్యాలె" అనేవాడు.

చిక్కల్లా ఒక్కటే. ఆయన్ని ఎంతగా నమ్మామంటే, ఆయన నోటి నుంచి ఏది వస్తే అది అప్పజెప్పేవాళ్లం. ఒక ఏడు రాణి వేషంలో ఉన్న కమల కొంగు జారుతుంటే యాకయ్య పక్కనుంచి, "కొంగు జారుతాంది, జర సర్దుకో బిడ్డా" అన్నాడు. కమల రాజు వైపు తిరిగి, చేయి చాపి, మహా గంభీరంగా, "కొంగు జారుతాంది, జర సర్దుకో బిడ్డా" అనేసింది. ఆ రాజును నేనే. నాకు కొంగెక్కడిది, కట్టుకున్నది మా నాన్న ధోతి. అయినా సర్దుకున్నాను.

యాకయ్యది పరకాల దగ్గర ఊరు. చిన్నతనంలో చిందు భాగోతం ఆడే మేళం వెంట వేషాల పెట్టె మోస్తూ తిరిగాడట. పదేళ్లు తిరిగేసరికి వాళ్లు ఆడే కథలన్నీ ఆయన నోట్లోకి వచ్చేశాయి. "మా మేళంల పుస్తకం అన్నదే లేదు. పెద్దోడు పాడుతడు, చిన్నోడు వింటడు. గంతే" అని ఎప్పుడూ అంటుండేవాడు. ఆ మాట వందసార్లు విన్నాను. ఒక్కసారైనా బుర్ర పెట్టి ఆలోచించానా? లేదు! మేళం చెదిరిపోయాక వరంగల్ వచ్చి మా బడిలో నౌకరీలో చేరాడు. తెలుగు చెప్పే నిర్మల టీచర్ నాటకాలు వేయించడం మొదలుపెట్టినప్పుడు, రిహార్సల్‌కు బల్లలు జరపడానికి వచ్చిన యాకయ్య, తడబడిన పిల్లకు మాట అందించాడట. టీచర్ ముచ్చటపడి నోటుబుక్కు ఆయన చేతిలో పెట్టింది. అప్పటినుంచి ఆ స్టూలు ఆయనదే. "ఏడాదంత గంట కొట్టెటోన్ని బిడ్డా. గా ఒక్క పొద్దు మాత్రం నేను నాటకం మనిషిని" అన్నాడు నాతో ఒకసారి. ఆయనకు ఆ ఒక్క రోజు ఎంత విలువైనదో నాకు అప్పుడు తెలియదు.

డెబ్బై తొమ్మిది ఫిబ్రవరిలో నేను తొమ్మిదో తరగతి. పెద్దవాళ్లకు చదువు చెప్పాలని ఊరూరా బడులు పెడుతున్న రోజులవి. నిర్మల టీచర్ దాని మీదే నాటకం రాసింది. చదువురాని రైతు దొర చెప్పిన చోట వేలిముద్ర వేసి భూమి పోగొట్టుకుంటాడు. రైతు వేషం నాది. జిల్లా విద్యాధికారి గారు వస్తున్నారని తెలిసి, టీచర్ ఆ పొద్దున్నే చివరి సీను మార్చి రెండు కొత్త కాగితాలు రాసింది. నేను రెండుసార్లు చదివి పక్కన పడేశాను. నాకేం భయం, యాకయ్య ఉన్నాడు కదా! టీచర్ ఆ కాగితాలు ఆయన చేతికిచ్చి, "ఒకసారి చూసుకో యాకయ్యా" అంది.

ఆ తర్వాత ఆయన నా దగ్గరికి రెండుసార్లు వచ్చాడు. "బిడ్డా, గా కొత్త మాటలు ఒక్కపారి పైకి జెప్పరాదు?" అన్నాడు. నేను అద్దం ముందు కాటుకతో మీసం దిద్దుకుంటున్నాను. "ఫికర్ జెయ్యకు తాతా, నీ తాన రాసున్నది గద" అని పంపించేశాను.

చివరి సీనులో నాలుగు మాటలు చెప్పాక నాకు ఐదోది రాలేదు. ఆగాను. పక్కనుంచి చప్పుడు లేదు. ఇంకా ఆగాను. ముందు వరుసల్లో నవ్వులు మొదలయ్యాయి. తిరిగి చూస్తే యాకయ్య కాగితాలు పట్టుకొని కూర్చున్నాడు. చెమటలు కారుతున్నాయి, నోరు పెగలడం లేదు. నాకసలే ముక్కు మీద కోపం. గబగబా తెర దాకా పోయి, "ఏం జేస్తానవ్? సదువుడు రాదా నీకు?" అని అరిచాను. పైన వేలాడే మైకు ఆ మాట హాలంతా చాటింది.

"రాదు బిడ్డా" అన్నాడు యాకయ్య. గుసగుసగా కాదు, మామూలు గొంతుతో. అదీ మైకులో పడింది, ఎవరో తెర దించేశారు.

హాలు దద్దరిల్లేలా చప్పట్లు! అది నాటకంలో మాటే అనుకున్నారు జనం. విద్యాధికారి గారు ఉపన్యాసంలో ఆ చివరి మాట గుండెకు తగిలిందన్నారు. మాకు మాత్రం తెలిసిపోయింది. ఇన్నేళ్లూ ఆయన రిహార్సల్లో విన్నదంతా చెవితో పట్టుకొని అందించాడు, నోటుబుక్కు ఊరికే చేతిలో ఉండేది. ఆ రోజు ఇంటికిపోయి అన్నం ముట్టలేదు నేను. అంత సిగ్గు నేను మళ్లీ ఎప్పుడూ పడలేదు.

హెడ్మిస్ట్రెస్ ఆయన నౌకరీ జోలికి పోలేదు. కానీ ఇకనుంచి ప్రాంప్టింగు లెక్కల టీచర్ చూసుకుంటుందని చెప్పేసింది. ఇన్నేళ్లు అందరినీ మోసం చేశాడంది. మోసమట! ఆ ఒక్కరోజు తప్ప ఏ పిల్ల నోరైనా ఎన్నడైనా ఆగిందా ఆయన ఉండగా?

వారం తర్వాత గేటు దగ్గరికి పోయి, "తప్పయింది తాతా" అన్నాను.

"నీ తప్పేమున్నది? నువ్వడిగినవ్, నేను జెప్పిన."

"నేను నేర్పిస్త. సదువుకో."

ఆయన గేటు గొళ్లెం వేశాడు. తర్వాత, "నేర్సుకుంటె నా బుక్కు మల్లిస్తరా?" అన్నాడు. ఇస్తారో లేదో నాకేం తెలుసు? ఇస్తారని గట్టిగా చెప్పాను.

రోజూ బడి వదిలాక అరగంట, గేటు పక్క అరుగు మీద. ముందు పాత నాటకం నోటుబుక్కే తీశాను. అదే నా తెలివితక్కువతనం. అదంతా ఆయనకు కంఠతా వచ్చునాయె! వేలు రెండో లైను మీద ఉంటే నోరు పదో లైనులో ఉండేది. "నోటికొచ్చింది జెప్పకు తాతా, సూసి జెప్పు!" అని నెత్తి కొట్టుకునేదాన్ని. చివరికి ఆయన ఎన్నడూ వినని మాటలు వెతికాను. పప్పు పొట్లాలు కట్టిన పేపరు ముక్కలు, గోడమీద సినిమా పోస్టర్లు, మా దుకాణం బోర్డు. ఒత్తుల దగ్గర ఇద్దరం పోట్లాడుకునేవాళ్లం. పది నెలలు పట్టింది.

జనవరిలో ఆయనే హెడ్మిస్ట్రెస్ ముందు నిలబడి, "ఏదన్న ఇయ్యిండ్రమ్మా, సదువుత" అన్నాడు. ఆమె ఒక సర్క్యులర్ ఇచ్చింది. ఆయన కూడబలుక్కుంటూ అది పూర్తి చేసేలోపు ఇంటర్వెల్ గంట పది నిమిషాలు ఆలస్యమైంది. కొట్టేవాడు లోపల చదువుతున్నాడు కదా! ఆమె నవ్వి సరేనంది.

ఆ ఏడు నాటకంలో నేను పోస్ట్‌మాన్‌ని. పదో తరగతి, ఆ బడిలో అదే నా ఆఖరి వేషం. యాకయ్య ఒక్క రిహార్సల్‌కూ రాలేదు. బల్లలు జరిపి దూరంగా పోయేవాడు. "వింటె నా చెవి ఊకోదు బిడ్డా, పట్టుకుంటది. గప్పుడు నేను సదివినట్టెట్లయితది?" అన్నాడు.

నాటకం రోజు నేను నోరు తెరవగానే పక్కనుంచి సన్నగా గొంతు వినపడింది. నేను మరచిపోలేదు. ప్రతి మాటా పూర్తిగా నోటికొచ్చు. కానీ ఆయన మొదటి మాట నుంచీ వరసగా చదువుతూ వస్తున్నాడు, నాకు రెండు మాటల వెనక. నేను వేగం పెంచితే వేలు ఆగిపోయి, కంగారుగా తలెత్తుతున్నాడు. అది చూశాక నేను నెమ్మదించాను. సంచి దించాను, మళ్లీ భుజానికేసుకున్నాను. టోపీ తీసి చెమట తుడుచుకున్నాను. ఆయన వేలు లైను చివరికి వచ్చాకే తర్వాతి మాట అన్నాను. అటు పక్కనుంచి నిర్మల టీచర్ తొందరగా కానియ్యమని చేతులు ఊపుతూనే ఉంది. అరగంట నాటకం యాభై నిమిషాలు నడిచింది. మా నాన్న నిద్రపోయాడు. బహుమతి కమలకిచ్చారు.

"నిద్రలో నటించావా అరుణా?" అని టీచర్ అందరిముందు కడిగేసింది. నేను, ఒక మాటకు పది మాటలు అప్పజెప్పే నేను, తలవంచుకొని నిలబడ్డాను.

ఆమె పోయాక యాకయ్య వచ్చాడు. నోటుబుక్కు మూసి ఉంది, మధ్యలో వేలు పెట్టుకొని ఉన్నాడు.

"మంచిగనే జేసినవ్ గని బిడ్డా," అంటూ తెరిచి, ఒక లైను కింద వేలు ఆనించాడు. "ఇగో, గీడ 'అవ్వా' అని ఉన్నది. నువ్వనలే."

వంగి చూశాను. ఉంది. నేను వదిలేశాను. రాసిన టీచర్ కూడా పట్టుకోలేదు. నాకు దుఃఖం ఆగలేదు, అక్కడే బావురుమన్నాను.

"అయ్యో, గీ ఒక్క మాటకు ఏడుస్తరా?" అన్నాడు యాకయ్య కంగారుపడుతూ. "గీ బుక్కుల ఇంక మస్తు మాటలున్నయి బిడ్డా. అన్ని అన్నవ్. నేను సూసిన."