నడి గోదారిలో చెప్పుకున్న భయం

నా చిన్నప్పుడు మా పేటలో పడవలు వేటకి వెళ్ళాయంటే, అవి తిరిగొచ్చేదాకా ‘భయం’ అన్న మాట ఎవరి నోటా రాకూడదు. నరసాపురానికి దిగువన, గోదావరి సముద్రంలో కలిసే చోటికి దగ్గరగా ఉండేది మా పేట. అందరం చేపల వేట మీద బతికేవాళ్ళమే. మగవాళ్ళు సముద్రం మీద ఉండగా గాలి గురించి, మునగడం గురించి మాట్లాడకూడదు. నాన్న ఎప్పుడొస్తాడని అడగడం కూడా తప్పే. తథాస్తు దేవతలు వింటారట. ఏ పిల్లో నోరు జారిందంటే అమ్మ చెయ్యి మూతి మీద పడేది. నాకు రెండుసార్లు పడింది. మూడోసారి అవసరం రాలేదు, అంత బుద్ధిమంతురాలిని మరి.

ఆ కట్టుబాటు పెట్టినవాళ్ళు చెడ్డవాళ్ళని నేను అనను. ఇంటికొక మనిషిని సముద్రానికి ఇచ్చుకున్న పేట అది. ఆడవాళ్ళు రోజూ భయం గురించే మాట్లాడుకుంటూ కూర్చుంటే పొయ్యి వెలిగేది కాదు. కాని పెద్దవాళ్ళు తమ గుండె నిబ్బరం కోసం పెట్టుకున్నది పిల్లల గొంతుకి అడ్డం పడుతోందని ఎవరూ గమనించలేదు. గమనించింది మా మామ్మ ఒక్కతే. మా నాన్నకి తల్లి ఆవిడ.

అప్పుడు నాకు తొమ్మిదేళ్ళు, అన్నయ్యకి పద్నాలుగు. పేటలో పేపరు గడగడా చదవగలిగినవాడు అన్నయ్యే. చేపలు అమ్మడానికి నరసాపురం వెళ్ళిన ఆడవాళ్ళు సాయంత్రం పేపరు పట్టుకొచ్చేవారు. పెద్దవాళ్ళంతా పంచాయతీ అరుగు మీద చేరి, వాణ్ణి మధ్యలో కూర్చోబెట్టి చదివించుకునేవారు. ఎక్కడో యుద్ధం, ఎక్కడో కరువు, రైలు పడిపోయిందని ఒకరోజు, బంగాళాఖాతంలో వాయుగుండమని ఇంకోరోజు. వాళ్ళు చుట్టలు కాల్చుకుంటూ విని, అయ్యో పాపం అనేవారు, కలికాలం అనేవారు, లేచి వలలు బాగుచేసుకోవడానికి వెళ్ళిపోయేవారు. చదివినవాడు మాత్రం అదంతా కడుపులో పెట్టుకుని ఇంటికొచ్చేవాడు. ఎంత చోద్యమో చూడండి. లోకంలో చావులన్నీ ఆ పిల్లవాడి చేత పలికించారు గాని, వాడికి భయమేస్తోందన్న ఒక్క మాట పలకనివ్వలేదు.

ఆ ఏడు ముసురు రోజుల్లో పక్క పేట పడవ ఒకటి తిరిగి రాలేదు. నాలుగు రోజులకి పేపర్లో చిన్న ముక్క పడింది, చనిపోయినవాళ్ళ పేర్లతో. అందులో అన్నయ్య పక్కన బడిలో కూర్చునే కుర్రాడి తండ్రి పేరుంది. అక్కడికొచ్చి వాడు ఆగిపోయాడు. “చదవరా, ఆగిపోయావేంటి?” అన్నారెవరో. చదివాడు.

ఆ సాయంత్రం నుంచి వాడికి అన్నం సయించలేదు. నాన్న పడవెక్కిన రోజు తిన్నదంతా కక్కేసేవాడు. పుస్తకం తెరిచి ఒకే పేజీని గంటసేపు చూస్తూ కూర్చునేవాడు. గాలి సోకిందని తాయెత్తు కట్టించారు. బడి ఎగ్గొట్టడానికి వేషాలు వేస్తున్నాడని మా మేనమామ అన్నాడు. ఒకసారి అందరి ముందూ కళ్ళనీళ్ళు పెట్టుకుంటే, నవ్వే ఆడదాన్నీ ఏడ్చే మగాణ్ణీ నమ్మకూడదని సామెత చెప్పి పెద్దవాళ్ళు నవ్వారు. వాళ్ళతో పాటు నేనూ నవ్వాను.

నేను అంతకన్నా పెద్ద ఘనకార్యమే చేశాను. ఒకరోజు పెరట్లో నా పక్కన కూర్చుని, “నాన్న రాడేమోనని భయంగా ఉందే, అమ్మాయ్,” అన్నాడు అన్నయ్య, మెల్లిగా. నాన్న ఆ వేళ సముద్రం మీద ఉన్నాడు. నేను ఒక్క పరుగున వెళ్ళి అమ్మకి చెప్పేశాను. అమ్మ వాణ్ణి చీపురు తిరగేసి కొట్టింది, కొడుతూ తనూ ఏడ్చింది. నాన్నని కాపాడానని నేను లోలోపల మురిసిపోయాను. ఆ దెబ్బతో అన్నయ్య మాట్లాడటమే మానేశాడు. ఊఁ, ఉహూఁ, అంతే. వారం రోజుల్లో బుగ్గలు లోపలికి పోయాయి.

మా మామ్మ లేసు అల్లేది. అల్లినవి తీసుకెళ్ళి నరసాపురంలో షావుకారుకి ఇచ్చి వచ్చేది. ఈసారి మా ఇద్దర్నీ వెంట తీసుకెళ్ళింది. లేసు ఇచ్చాక ఇంటిదారి పట్టకుండా గోదావరి రేవుకి నడిపించి, అవతలి ఒడ్డుకి వెళ్ళే రేవు పడవ ఎక్కించింది. ఎందుకని అడిగితే, గాలి కోసమంది. పడవలో మాతో పాటు కొబ్బరికాయల బస్తాలు, ఒక సైకిలు, ఇద్దరు ముగ్గురు మనుషులు ఉన్నారు. మమ్మల్ని ఒక చివర కూర్చోబెట్టుకుంది. పడవ నడి గోదారికి వచ్చింది.

“ఒరేయ్, ఇక్కడ చెప్పుకోవచ్చు,” అంది మామ్మ, అన్నయ్య మొహం చూడకుండా నీళ్ళకేసి చూస్తూ. “ఆ కట్టుబాటు ఉప్పునీళ్ళకిరా. సముద్రానికి వినపడేలా అనకూడదు, అంతే. ఇది గోదారమ్మ, తియ్యనీళ్ళు. విన్నది కడుపులో దాచుకుంటది.”

నరసాపురం దగ్గర పోటు వస్తే గోదావరి కూడా ఉప్పగానే ఉంటుంది. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచి ఆ ఒడ్డున బతికిన మనిషికి ఆ సంగతి తెలియకా? తెలిసే చెప్పింది. పచ్చి అబద్ధం. నా జీవితంలో అంత మంచి అబద్ధం నేను మళ్ళీ వినలేదు.

అన్నయ్య నమ్మలేదు, తల దించుకునే ఉన్నాడు. అప్పుడు మామ్మ తనే మొదలుపెట్టింది. “నీ బాబు పడవెక్కిన రోజు నాకు కాళ్ళాడవురా. మీ తాత పోయిన కాడ్నించీ అంతే. మీ అమ్మకి చెప్పలేను, కూలబడిపోద్ది. నీ బాబుకి అసలే చెప్పలేను. భయమేస్తదిరా నాకు, రోజూ భయమే.”

మామ్మ నోట ఆ మాట వినగానే నేను గట్టిగా కళ్ళు మూసుకున్నాను, ఏదో అయిపోతుందని. ఏమీ కాలేదు. కళ్ళు తెరిచేసరికి అన్నయ్య మామ్మ మోకాలి మీద చెయ్యి వేసి ఉన్నాడు. తర్వాత మాట్లాడాడు. నాన్న గురించే అనుకున్నాను నేను. నాన్నతో మొదలైంది గాని అక్కడ ఆగలేదు. యుద్ధంలో కాలిపోయిన ఊళ్ళు, కరువులో ఆకులు ఉడకబెట్టుకు తిన్నవాళ్ళు, పేరు కూడా తెలియని దేశాల్లో పిల్లలు, ఇన్నాళ్ళూ వాడు చదివి పెట్టిన ప్రతి వార్తా వాడి లోపల అలాగే ఉంది. కళ్ళు మూసుకుంటే వాళ్ళంతా వస్తున్నారన్నాడు. రేపు తనని కూడా పడవ ఎక్కిస్తారు కదా, తను చస్తే పేపర్లో తన పేరు ఎవరు చదువుతారని అడిగాడు. పద్నాలుగేళ్ళ పిల్లవాడు అడగవలసిన ప్రశ్నా అది?

పడవ అవతలి ఒడ్డుకి చేరింది. మేం దిగలేదు. పడవ నడిపే ఆయన, “దిగరేంటి మామ్మగారూ?” అన్నాడు. “పిల్లోడు చెప్పడం అవలేదయ్యా,” అంది మామ్మ. ఆయన పడవ తిప్పాడు. ఇవతలికి వచ్చాం, మళ్ళీ అవతలికి వెళ్ళాం. ఎన్నిసార్లో లెక్క లేదు. అంతసేపూ మామ్మ ఒక్కసారి కూడా ఏం కాదులే అనలేదు, ధైర్యంగా ఉండు అనలేదు. ‘ఊఁ, ఇంకా?’ అనేది, అంతే. పొద్దు వాలాక రేవు పక్క కొట్లో అన్నయ్య ఇడ్లీలు తిన్నాడు. కక్కలేదు.

మర్నాడు నాన్న పడవ వచ్చింది. ఆ సాయంత్రం మామ్మ పంచాయతీ అరుగు దగ్గరికి వెళ్ళి, అందర్నీ చూసి, “ఇక మీదట పిల్లోడి చేత పేపరు చదివించకండయ్యా. మీకంత వినాలనుంటే మీరే చదువు నేర్చుకోండి,” అంది. అప్పట్నుంచి పదిహేను రోజులకోసారి మామ్మ వాణ్ణి రేవు పడవ ఎక్కించేది, తోడుగా నన్నూ. మెల్లగా వాడు మనిషయ్యాడు.

తర్వాత నేను చదువుకుని టీచరునయ్యాను. ఈ సంగతి క్లాసులో పిల్లలకి ఎన్నోసార్లు చెప్పాను. ఎప్పుడు చెప్పినా ఇక్కడే ఆపేసేదాన్ని. పిల్లలు చప్పట్లు కొట్టేవారు.

మొన్న వేసవిలో మా మనవరాలు నా దగ్గరికి వచ్చింది. రాజమండ్రిలో హాస్టల్లో ఉండి ఇంటరు చదువుతోంది. అది ఆర్నెల్లుగా సరిగ్గా తినడం లేదు, నిద్రపోవడం లేదు. పరీక్ష హాల్లో ఊపిరి ఆడక పడిపోతే, అక్కడి డాక్టరు గారు చూసి మందులు రాశారు, దాని మనసులో ఉన్నది చెప్పుకోనివ్వండి అని కూడా అన్నారు. మందులు వేళకి వేస్తున్నారు. రెండో మాట మాత్రం ఎవరికీ గుర్తులేదు. అది నోరు తెరిస్తే చాలు, మా అమ్మాయి, “నెగటివ్‌గా మాట్లాడకే, పాజిటివ్‌గా ఆలోచించు,” అంటుంది. పేటలో పుట్టని మా అమ్మాయికి ఆ కట్టుబాటు ఎవరు నేర్పారో నాకు తెలియదు.

ఓ మధ్యాహ్నం వంటింటి గుమ్మంలో కూర్చుని మనవరాలు ఫోను నా ముందు పెట్టింది. మన తీరం ఎంత కోసుకుపోయిందో చూపించే బొమ్మ అది. మా పాత పేట ఉన్నచోట నీళ్ళున్నాయి. ఆ కిందే ఏదో దేశంలో బాంబులు పడ్డ ఆసుపత్రి. ఇంకా కిందికి జరిపితే ఎండలు, ఆపైన కంప్యూటర్లే చేసేయబోతున్న ఉద్యోగాలు. “ఇవన్నీ చూశాక లెక్కలు ఎలా చేయాలి అమ్మమ్మా?” అంది. నాకు పంచాయతీ అరుగు గుర్తొచ్చింది. అక్కడ రోజుకి ఒక్క పేపరే. దీని చేతిలో ఉన్నది ఎంత చదివినా ఆఖరి పేజీ రానిది. అందుకని దానికి మా అన్నయ్య సంగతి చెప్పాను, మామూలుగా చెప్పినట్టే, వాడు మనిషయ్యేదాకా.

అది చప్పట్లు కొట్టలేదు. “తర్వాత ఏమయ్యారు, ఆ తాతయ్య?” అంది.

యాభై ఏళ్ళు దాటింది, ఆ ప్రశ్న నన్ను ఎవరూ అడగలేదు. మా అమ్మాయికి కూడా, తన మేనమామ చిన్నప్పుడే ఎటో వెళ్ళిపోయాడని మాత్రమే తెలుసు. మనవరాలికి మాత్రం చెప్పాను.

మరుసటి ఏడు వానల్లో మామ్మ పోయింది. పోయే ముందు నన్ను దగ్గరికి పిలిచి, “అన్నయ్య గోదారి దాకా వెళ్దామంటే నువ్వు తోడెళ్ళాలే, తల్లీ,” అంది. సరేనన్నాను. అన్నయ్య చేత బడి మానిపించి వేట పడవ ఎక్కించారు. వాడు మళ్ళీ ఊఁ, ఉహూఁల్లోకి వెళ్ళిపోయాడు. నేను చూస్తూనే ఉన్నాను, చూడలేదని అబద్ధం చెప్పలేను. ఒకరోజు సాయంత్రం వచ్చి నా పుస్తకం పక్కన నిలబడి, “గోదారి దాకా వెళ్ళొద్దామా, అమ్మాయ్?” అన్నాడు. మర్నాడు నాకు లెక్కల పరీక్ష. తలెత్తకుండా, “రేపెళ్దాంలే అన్నయ్యా,” అన్నాను. నా జడ సవరించి వెళ్ళిపోయాడు.

తెల్లారేసరికి వాడు లేడు. నరసాపురం స్టేషన్లో పొద్దుటి రైలు ఎక్కడం చూశామని ఎవరో చెప్పారు. నాన్న వేట మానుకుని నెలల తరబడి బెజవాడ దాకా, మద్రాసు దాకా వెతికాడు. ఒక్క ఉత్తరం రాలేదు. ఉన్నాడో లేడో నాకు తెలియదు. ఉంటే డెబ్భై దాటి ఉంటాయి. ఆ లెక్కల పరీక్షలో నాకు మంచి మార్కులే వచ్చాయి.

“ఆ రోజు తాతయ్య ఏం చెబుదామనుకున్నారు అమ్మమ్మా?” అంది మనవరాలు.

“తెలీదమ్మా. అడగలేదు నేను.”

అంతవరకూ ఆపుకున్నాను గాని, అక్కడ నావల్ల కాలేదు. పిల్ల ముందు ముసలిదాన్ని భోరున ఏడ్చాను. అది నన్ను పట్టుకుని కూర్చుంది, కాసేపటికి తనూ ఏడ్చింది. తర్వాత, “నేను చెబితే వింటావా? చాలా ఉంది,” అంది. పాలు తోడుపెట్టాలి, మందుల వేళ, మా అమ్మాయి ఫోను చేసే వేళ. “చెప్పు,” అన్నాను. పొద్దుగూకేదాకా చెప్పింది. మా మామ్మలాగే నేనూ ‘ఊఁ, ఇంకా?’ అంటూ విన్నాను.

ఇంకా తగ్గిపోలేదు దానికి. మందులు వాడుతోంది. రోజూ ఫోను చేస్తుంది, ఒక్కోసారి నేను బజార్లో ఉండగా చేస్తుంది. సంచీ కింద పెట్టి అక్కడే నిలబడి వింటాను. బడిలో ఉన్నన్నాళ్ళూ అంతే, ఇప్పుడూ అంతే. ఏ పిల్ల, ఏ పిల్లవాడు ఒక మాట చెప్పాలని వచ్చినా నేను రేపు అనలేదు. అన్నది ఒక్క మా అన్నయ్యతోనే.