కండ్లు తెరిచిన బొమ్మలు

పటాన్ని గోదావరిలో విడిచిపెడుతున్నారన్న కబురు నాకు జనగామ బస్టాండులో తెలిసింది. చెప్పినవాడు చాయ్ తాగుతూ చెప్పాడు, పక్కింటివాళ్ళు పాత మంచం తీసి పారేశారన్నంత తేలిగ్గా. రఘునాథపల్లి దగ్గరి ఊళ్ళో ఉండే మా పటం కథల ముసలాయన గురువారం పొద్దున కాళేశ్వరం పోవడానికి ట్రాలీ ఆటో మాట్లాడుకున్నాడట. పటాన్ని నీళ్ళలో కలిపి, తలస్నానం చేసి వస్తాడట. నా చాయ్ సగం గ్లాసులో ఉండగానే లేచాను. ఎటు పోవాలో తోచక బస్టాండు చుట్టూ ఒక తిరుగుడు తిరిగి మళ్ళీ అక్కడికే వచ్చాను. అది సోమవారం.

పటమంటే ఏమిటో విడమరిచి చెప్పాల్సి రావడమే నాకు కోపం. ఎక్కడెక్కడి రాజుల కథలన్నీ బళ్ళో బట్టీపట్టి, తన గడపలోకి నడిచి వచ్చిన కథ పేరు తెలియనివాళ్ళను ఈ జిల్లాలోనే ఎంతమందిని చూశానో. సరే, చెబుతాను. నేతగుడ్డకు గంజి, సుద్ద పట్టించి, ఎర్రరంగు పూసి, దానిమీద కథంతా వరుసలు వరుసలుగా బొమ్మలు వేస్తారు. దాన్ని చాపలా చుట్టి భుజాన పెట్టుకుని ఊరూరా తిరుగుతారు. ఒక్కో కులానికి ఒక కథ, ఆ కథ చెప్పడానికి హక్కున్న ఒక ఇంటివాళ్ళు. మా సాలెవాళ్ళది తామరతూడులోంచి నూలు తీసిన ఋషి కథ. ఆయన పెద్దపులి మీద తిరిగేవాడు. కథవాళ్ళు వాడకు వచ్చారంటే మగ్గాలు ఆగిపోయేవి. పటాన్ని గుంజకు వేలాడదీసి, కర్రతో ఒక్కో బొమ్మనే చూపిస్తూ రాత్రుల తరబడి చెప్పేవారు.

పటం పాతబడితే మా ఇండ్లవాళ్ళం కొత్తది గీయించి ఇవ్వాలి. కొత్తది చేతికొచ్చాకే పాతదాన్ని, మనిషిని సాగనంపినట్టు, నీళ్ళలో విడుస్తారు. ఈసారి కొత్తది లేదు. గీయించే ఇండ్లు లేవు. సగం వాడ మరమగ్గాల పనికి భివండికీ సూరత్‌కూ పోయింది. మిగిలినవాళ్ళం సూదిలో దారం ఎక్కించలేనివాళ్ళం. పటం లేనివాడు కథ చెప్పకూడదని వాళ్ళ కట్టుబాటు. అంటే గురువారంతో కథ కూడా పోతుంది.

ఇక్కడ మా మనుమరాలి సంగతి చెప్పాలి. సొంత మనుమరాలు కాదు, మా పాలివాళ్ళ పిల్ల. వాళ్ళ నాయిన మగ్గం విడిచి గని పనికి భూపాలపల్లి బొగ్గుబాయిలో చేరాడు. ఈ పిల్ల మహబూబాబాద్‌లో ఒక బళ్ళో డ్రాయింగ్ చెబుతుంది. కొన్నేళ్ళుగా ఒక బొమ్మల నవల గీస్తోంది. మొదట ఆ మాట విన్నప్పుడు మండిపడ్డాను. మన కథ నీకు పిల్లలాటలా కనబడిందా అన్నాను. అది కాగితాలు తెచ్చి నా ముందు పెట్టింది.

ఋషి తామరతూడు విరిచి దారం లాగుతున్నాడు. ఆ దారమే కింది పేజీలోకి జారి వాళ్ళ తాత మగ్గం మీద పడుగైంది. ఆ పడుగుపోగులే ఇంకో పేజీలో ముడిపడి బాయిలోకి దిగే ఇనుపతాడయ్యాయి. తాడు చివర నెత్తిన దీపంతో వాళ్ళ నాయిన. మాటలు మన మాటలే. సినిమాలవాళ్ళు ఇన్నేళ్ళూ దొంగకూ తాగుబోతుకూ అంటగట్టిన యాసను ఈ పిల్ల ఋషి నోట పెట్టింది. ఆ రోజు నేను ఆ ఇంట్లో కూర్చోలేకపోయాను. బస్సు ఉందని చెప్పినా వినకుండా మహబూబాబాద్ స్టేషను దాకా నడిచి, రైలు వచ్చేదాకా ప్లాట్‌ఫారం ఈ కొస నుంచి ఆ కొసకు తిరుగుతూనే ఉన్నాను.

ఆ పుస్తకానికి ఒకటే కొరత, చివర లేదు. ఋషి లోకం విడిచిపోయాక పులి ఏమైంది? పిల్ల నన్నే అడిగింది. నాకు ఆ కథ నోటికి వస్తుంది. ఏ వరుసలో ఏ బొమ్మ ఉందో ఇప్పటికీ చెప్పగలను. కానీ ఆ చివరి ముక్క ఆఖరి రాత్రి తెల్లవారబోతుండగా వచ్చేది. అప్పటికి పిల్లలమంతా ఒకరిమీద ఒకరం పడి నిద్రపోయేవాళ్ళం. మేలుకుని విన్న పెద్దలు ఇప్పుడు లేరు. తెలిసినవాడు ఆ ముసలాయన ఒక్కడే.

మంగళవారం నేనొక్కణ్ణే ఆయన దగ్గరికి పోయాను. ఆయన నా ఈడువాడు. చిన్నప్పుడు వాళ్ళ నాయిన వెంట తాళాలు వాయించడానికి వచ్చేవాడు. వాకిట్లో అడుగుపెడుతూనే గొంతు పెంచాను. పటాలను ముక్కలుగా కోసి, అద్దాలు కట్టి, హోటలు గోడలకు వేలాడదీసే పట్నంవాళ్ళే నయమన్నాను. వాళ్ళు తెలియక చేస్తున్నారు, నువ్వు అన్నీ తెలిసి నీళ్ళపాలు చేస్తున్నావన్నాను. ఆయన కోపగించలేదు. కోడలితో పటం తెప్పించి ఒక మూర మేర విప్పాడు. ఎరుపు వెలిసి మట్టిరంగు తిరిగింది. ముఖాలున్నాయి, కండ్లు లేవు. కర్ర మొన తగిలి తగిలి, చుట్టినప్పుడల్లా రాసుకుని, ఒక్క బొమ్మకూ కన్ను మిగలలేదు.

"సూసినవా అయ్యా, పానం పోయింది. పీనుగ ముంగట కథ చెప్తరా ఎవలన్న?"

"కథ నీ నోట్ల ఉన్నది గని బొమ్మ కండ్లల్ల ఉన్నదా?"

"నోట్ల ఉన్నదని నీకెవలు చెప్పిన్రు? కన్ను చూస్తెనే నాకు మాట వస్తది."

పులి సంగతైనా చెప్పమని ఎంత పోరినా వినక, పటం చుట్టి కోడలి చేతికి ఇచ్చేశాడు. వాళ్ళ పద్ధతి నాకు తెలియంది కాదు. పటం గీసేవాళ్ళు కండ్లు ఆఖరున దిద్దుతారు. అన్ని రంగులూ అయ్యాక, మా ఇండ్లనుంచి బియ్యం తెప్పించి, కొబ్బరికాయ కొట్టి, అప్పుడు కన్ను తెరిపిస్తారు. కన్ను తెరిచిన బొమ్మకు వెంటనే దాని కథ దానికి వినిపించాలి. వినిపించకపోతే ఆ బొమ్మలున్న ఇంట్లో నెమ్మది ఉండదంటారు. తెలిసినంత మాత్రాన కోపం తగ్గదు కదా. ఇంటికి వచ్చి అన్నం ముందు కూర్చుని, తినకుండానే లేచాను.

నేను ఫోనులో సంగతి చెబితే బుధవారం పిల్ల సెలవు పెట్టి వచ్చింది. కాజీపేటలో బండి మారి, రఘునాథపల్లిలో దిగి, కాగితాల గొట్టం చంకన పెట్టుకుని వచ్చింది. ఆశ పెట్టుకోకని స్టేషను నుంచి వచ్చే దారిలోనే చెప్పాను. ముసలాయన దానికీ నాకు చెప్పిందే చెప్పాడు. పిల్ల వాదించకుండా, పటం వెళ్ళిపోయేలోగా తన బొమ్మలైనా ఒకసారి చూడమని, వాకిట్లో మంచం మీద కాగితాలు పరిచింది.

ఆయన వంగి ఒకటి చూశాడు. రెండోది చూశాడు. అంతలో నిటారుగా లేచి రెండడుగులు వెనక్కి వేశాడు.

"గీ కండ్లు ఎవలు తెరిచిన్రు?"

"నేనే తాతా. నేను ముందుగాల కండ్లే గీస్త. కండ్లు లేకుంటె నాకు మొఖం రాదు."

బియ్యం పెట్టినవా, కాయ కొట్టినవా అని అడిగాడు. అది తల అడ్డంగా ఊపింది. ఎన్నాళ్ళ సంది అన్నాడు. నాలుగేండ్లు అంది.

"గింతమందిని కండ్లు తెరిచి, గొట్టంల సుట్టి పండవెట్టినవా? నీ ఇంట్ల నీకు నిద్ర వడ్తాందా బిడ్డా?"

పిల్ల నవ్వబోయి ఆగిపోయింది. "పడ్తలేదు," అంది.

ఆయన నా మీదికి తిరిగాడు. పెద్దమనిషివై ఉండి చూస్తూ ఊరుకున్నావా అన్నాడు. అది కాగితం, పటం కాదన్నాను. కన్ను దేనిమీదున్నా కన్నే కదా అన్నాడు. వాకిట్లో నేను అటు, ఆయన ఇటు తిరుగుతున్నాం. మధ్యలో మంచం మీద ఋషీ, పులీ, పిల్ల వాళ్ళ నాయినా మా ఇద్దరినీ చూస్తున్నారు. కోడలు గడపలో నిలబడి, ఇద్దరు ముసలోళ్ళు ఎద్దుల్లా వాకిలి తొక్కుతున్నారని గొణిగింది.

చివరికి ఆయనే ఆగాడు. తెరిచిన కండ్లను అట్లా వదిలిపెట్టి గోదావరికి పోలేనన్నాడు. మా ఇంటి బియ్యం కావాలన్నాడు. కోడలు లోపలికి పోయి చాటలో రేషను దుకాణం కంట్రోలు బియ్యం తెచ్చింది, ఏ బియ్యమైనా ఒకటే కదా అని. ఒప్పుకోలేదు. కథ ఎవరిదో బియ్యం వాళ్ళ ఇంటివే కావాలి. నేను మళ్ళీ ఆటో ఎక్కి జనగామ పోయాను. దారి పొడుగునా గొణుక్కున్నాను. తీరా ఇంట్లో బియ్యం సంచి మూతికున్న ముడి రాకపోతే కొరికి తెంపాను. ఆలోగా ఆయన మనసు మారితే ఏం గతి అని, కొబ్బరికాయ కొన్న దుకాణంలో చిల్లర తీసుకోకుండానే పరుగెత్తాను.

నేను తిరిగివచ్చేసరికి మంచాన్ని గోడకు నిలబెట్టి, నులకకు బట్టల క్లిప్పులతో కాగితాలు తగిలించారు. ముసలాయన స్నానం చేసి, తలకు గుడ్డ చుట్టుకుని ఉన్నాడు. కాయ కొట్టి మొదలుపెట్టాడు. తెల్లవారితే గోదావరి ప్రయాణం, రాత్రుల తరబడి నడిచే కథను పొద్దుగూకేలోగా ముగించాలి కాబట్టి ఎక్కడా తీరిక లేదు. కర్ర ఒక ముఖం మీదినుంచి ఇంకో ముఖం మీదికి దూకుతోంది. నా పని ఎదురుగా కూర్చుని ఊ కొట్టడం. మా ఇండ్ల తరఫున అక్కడున్న మగమనిషిని నేనొక్కణ్ణే. ఎక్కడైనా తప్పుతాడేమోనని కాచుకుని ఉన్నాను. తప్పలేదు. ఆ ఋషి కథకు మేమిద్దరమైనా మిగిలి ఉన్నామన్న సంతోషమూ, వినడానికి వాడలో ఎవరూ లేరన్న మంటా ఒకేసారి వచ్చి కూర్చోనివ్వడం లేదు.

చివరికి వచ్చాం. మంచం మీద ఆఖరి కాగితం తెల్లగా ఉంది. కర్రను దానిమీదే పెట్టాడు.

"రుషి పోతపోత పులిని పిలిచి చెప్పిండు. మగ్గం సప్పుడు ఇనవడ్డన్నాళ్ళు ఈ వాడను కాయి, ఆగినంక నీ ఇష్టమన్నడు. సప్పుడు ఆగింది. పులి అడివి దిక్కు పోలే. నా బిడ్డలు యాడ పని చేస్తున్నరని చెవులు నిక్కవొడిచి ఇన్నది. ఇని, బొగ్గుబాయి దిక్కు వడ్డది. లోపల సాలెబిడ్డలు ఉన్నరని ఇప్పటిదాక మీద కావలి తిరుగుతాంది."

పిల్ల రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది. నేను ఊ కొట్టలేదు.

ఋషి కాలంలో బొగ్గుబాయి ఎక్కడిది? ఇదంతా ఈ పిల్ల బొమ్మలు చూసి ఇప్పటికిప్పుడు కట్టిందేనా? మీ నాయిన ఇట్లాగే చెప్పాడా అని నిలదీశాను.

"మా నాయిన బొంబాయి మిల్లు అన్నడు," అన్నాడు నింపాదిగా. "ఆయన నాయిన ఏమన్నడో నాకెర్క లేదు."

"మరి అసలుది ఏంది?"

"నువ్వు ఊ కొట్టయ్యా. కొడ్తెనే కథ ఒడిసినట్టు."

లేచి రోడ్డుమీదికి వచ్చేశాను. ఇన్నేళ్ళు దాచుకున్న కథకు చివరే లేదా, ఎవరికి తోచింది వాళ్ళు తగిలిస్తారా? రోడ్డుమీద వడ్ల ట్రాక్టర్లు పోతున్నాయి. వాటి వెనక కొంత దూరం నడిచాను. చిన్నప్పుడు మేలుకుని ఉంటే నేను విన్నది బొంబాయి మిల్లే అయ్యుండేది. మా వాళ్ళు బొంబాయి పోతున్న రోజులవి. పొద్దున్నే బెడ్డింగు కట్టుకుని పోయేవాళ్ళకు ఆ రాత్రి ఆ మాట ఎట్లా వినిపించి ఉంటుందో అనుకున్నాను. కోపం తగ్గలేదు కానీ కాళ్ళు వెనక్కి తిరిగాయి.

వాళ్ళు అట్లాగే ఉన్నారు. ఆయన కర్ర ఇంకా తెల్లకాగితం మీదే ఉంది. పిల్ల నా వైపు చూడటం లేదు. కూర్చోకుండా, నిలబడే ఊ అన్నాను. ఆయన కర్ర దించాడు.

గురువారం ముగ్గురం ట్రాలీలో పోయాం. కాళేశ్వరంలో ఆయన నడుము లోతు నీళ్ళలోకి దిగి పటాన్ని విడిచాడు. అది వెంటనే మునగలేదు. విప్పుకుంటూ, రంగు వదులుతూ కొంతదూరం పోయింది. నేను గట్టుమీద ఒకచోట నిలబడలేక అది పోతున్నవైపే నడిచాను. వచ్చేటప్పుడు ఆయన ట్రాలీ అంచుకు ఒరిగి నిద్రపోయాడు. పిల్ల మోకాళ్ళమీద అట్ట పెట్టుకుని, కుదుపులకు చెదిరిపోతున్న గీతలు చెరిపి చెరిపి గీస్తోంది. పులిని ఎట్లా గీయాలి తాతా అని అడిగింది. ఆ చివరను నేనింకా ఒప్పుకోలేదని, నన్నడగొద్దనీ చెప్పాను. ట్రాలీ ఇంకో గుంత దాటాక, కూసున్నట్టు మాత్రం గీయకన్నాను.

భూపాలపల్లిలో వాళ్ళ నాయిన క్వార్టరు దగ్గర అది దిగిపోయింది. గనిలోంచి బొగ్గును మోసుకొచ్చే బెల్టు చప్పుడు అక్కడిదాకా వినబడుతోంది. ఆగకుండా, ఒకే వరసన. నాకు తెలియకుండానే చెవి అటు పెట్టాను. ఆ సంగతి గ్రహించేసరికి ఒళ్ళు మండి, ఇంకా ఎంతసేపు నిలబెడతావని డ్రైవరును కసురుకున్నాను.