పెద్దమ్మ తలలో తెల్లమచ్చలు

రాయచోటిలో మా పెద్దమ్మ పోయిన సోమవారం చనిపోయింది. "నిద్రలోనే పోయింది మ్మే, అదృష్టవంతురాలు" అని ఆమె కొడుకు, మా అన్న, ఫోను చేసి చెప్పాడు. అదృష్టమన్న మాట వినగానే నాకు ఒళ్లు మండింది.

నలభై ఏళ్లు జాకెట్లు కుట్టిన మనిషి. టేపు మెడలో వేసుకునేదే గానీ వాడేది కాదు. గడపలో నిలబడినామెను ఒక్కసారి చూసి కత్తెర పట్టేది. "మర్సిపోయేవాళ్లు రాసుకోవాల కొలతలు. నాకెందుకు పాపా?" అనేది. నా కుట్టు వంకర పోయినప్పుడల్లా విప్పించి మళ్లీ కుట్టించేది. ఈరోజు కల్లూరులో నేను నడుపుకుంటున్న టైలరింగు షాపు ఆమె పెట్టిన భిక్షే.

మూడేళ్ల కిందట ఒక జాకెట్టుకు రెండూ ఎడమ చేతులే కుట్టింది. ముసలామెకు కండ్లు నెత్తికెక్కినాయన్నారు జనం. నడక కూడా తడబడుతుంటే నేనే కర్నూలుకు పిలిపించి స్కానింగ్ తీయించాను. మెదడులో ఒకచోటి నుంచి ఇంకోచోటికి కబురు మోసే తీగలు దెబ్బతింటే ఫిల్ములో ఇట్లా తెల్లగా కనిపిస్తాయని డాక్టరు చూపించాడు. వయసుకు కొంత మామూలేనట, ఈమెకు మాత్రం ఎక్కువట. అల్జీమర్స్ కూడా మొదలైనట్టుంది, రెండూ తోడైతే మనిషి తొందరగా జారిపోతుందన్నాడు. "పోయింది తిరిగి రాదమ్మా. బీపీ మాత్రలు మాత్రం ఒక్కరోజు కూడా మానొద్దు" అన్నాడు.

ఆ సాయంత్రం షాపులో నుంచి అన్నకు ఫోను చేసి, తలలో తెల్లమచ్చలు పడినాయంట అన్నాను.

"తెల్లమచ్చలా? బొల్లా? యాడా అనొద్దు మ్మే. మా పాపకు సంబంధాలు చూస్తాండాం."

"బొల్లి కాదన్నా, అది తలకాయ లోపల..."

"లోపలుండేది రేపు బయటికి రాదా?"

గిరాకీ నిలబడి ఉంది. తర్వాత విడమరిచి చెప్పొచ్చులే అని పెట్టేశాను.

ఎవరో పసరు మందాయన దొరికాడు. పసరు తాగుతూ ఇంగ్లీషు మందులు మింగకూడదన్నాడట. బీపీ మాత్రలు మానేశారు, మిషను అటకెక్కింది, పెద్దమ్మ వెనక గదికి చేరింది. నేను చూడబోయిన రోజు మా వదిన ఆమె చేతులెత్తి, వీపు తిప్పి మచ్చల కోసం వెతుకుతోంది. పెద్దమ్మ చీర దగ్గరికి లాక్కుంటూ "ఏం చూస్తాండారు? నేనేం చేసినా?" అని నన్నడిగింది. నా పేరు మరిచిపోయింది, సిగ్గు మరవలేదు.

అప్పుడు కూడా నేను గట్టిగా మాట్లాడలేదు. వాళ్లింటి తగువు నాకెందుకనుకున్నాను. వాళ్లను తిడదామనే ఇది రాయడానికి కూర్చున్నాను. పైకి ఉమ్మితే నా మొహానే పడుతోంది.

చివరి స్నానానికి నీళ్లు నేనే పోశాను. వదిన తువ్వాలుతో తుడుస్తూ ఆ చల్లటి చేతుల్ని అటూ ఇటూ తిప్పి చూసింది. ఆమె కళ్లలో నిజంగానే సంతోషం కనిపించింది.

"చూసినావా, ఒక్క మచ్చ కూడా లేదు. పసరు శానా బాగా పనిచేసింది" అంది.